ఆవకాయ 'పుట్ అప్' చేస్తే తప్పా?

మా మేడ మీద వాటాలో అద్దెకుంటున్న వాళ్లబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తూ మెట్ల దగ్గర ఆగి, "మామ్మగారూ, ఒక్క నిమిషం" అంటాడు. ఆ ఒక్క నిమిషం ముప్పావుగంటకు తక్కువ ఉండదు. మొన్న ఇంగ్లిషు యూనిట్ టెస్టు కాగితం పట్టుకొచ్చాడు. వేసవి సెలవులు ఎలా గడిపారో పది వాక్యాలు రాయమన్నారట. ఆరో వాక్యంలో రెండు మాటల మీద ఎర్ర గీత. వాడు చెప్పదలచుకున్నది ఇంతే: మా అమ్మమ్మ మే నెలలో ఆవకాయ పెట్టింది. 'పెట్టింది' అనడానికి 'పుట్ అప్' అని రాశాడు. సారు దాన్ని కొట్టేసి పైన 'మేడ్' అని దిద్ది, అర మార్కు కోసేశారు.

"పెట్టడం అంటే పుట్టే కదండీ? ఉత్త 'పుట్' అంటే బోడిగా ఉందని 'అప్' తగిలించాను" అన్నాడు, తప్పు చేసిన మొహంతో.

ఆ అర మార్కు వాడికి రావాలి. నేను రాస్తున్నది ఇందుకోసమే.

నాకు ఇంగ్లిషు పాఠాలు చెప్పే అర్హత ఏమీ లేదు. తెలుగు మీడియంలో బీఏ చదివి, ముప్పై అయిదేళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తాగిరీ చేసి, కాకినాడలో సూపరింటెండెంటుగా రిటైరైనదాన్ని. షేక్‌స్పియర్ గురించి అడిగితే నీళ్లు నములుతాను. కానీ 'పుట్ అప్' దగ్గర మాత్రం తగ్గను. నేను తిన్న జీతమంతా ఆ మాట చేసిపెట్టిన పనికే.

1986లో గ్రూప్-4 రాసి జూనియర్ అసిస్టెంటుగా చేరాను. కోనసీమలో ఒక మండలం. మండలాలు పుట్టి అప్పటికి ఏడాదే. ఆఫీసు ఒక పెంకుటింట్లో ఉండేది, రికార్డులన్నీ పాత తాలూకా నుంచి గోనెసంచుల్లో వచ్చి పడ్డాయి. విప్పిన ప్రతి సంచీలోనూ ఫైళ్ల కంటే దుమ్మే ఎక్కువ. రెండో రోజంతా తుమ్ముతూ, "ఈ ఫైళ్లతో నావల్ల కాదు బాబూ" అని పైకే అన్నాను. మూడో రోజు పొద్దున్న ఎమ్మార్వోగారి గదిలోంచి ఒక తపాలు తిరిగొచ్చింది. దాని అంచున ఆకుపచ్చ ఇంకుతో, 'ప్లీజ్ పుట్ అప్ విత్ ఫైల్' అని రాసుంది.

డిగ్రీలో ఫ్రేజల్ వెర్బులన్నీ గైడు చూసి బట్టీ పట్టినదాన్ని. 'పుట్ అప్ విత్' అంటే టాలరేట్, అంటే సహించు, భరించు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కాబట్టి ఆ ఆకుపచ్చ అక్షరాలకు నాకు తోచిన అర్థం ఒకటే: దయచేసి ఫైలును భరించండి. నిన్న నేనన్నది ఆయన చెవిన పడిందన్నమాట! ఉద్యోగం వచ్చిన మూడో రోజునే అధికారి చేత అంత మర్యాదగా చీవాట్లు తిన్నందుకు అరచేతులు చెమటలు పట్టాయి. సీనియర్ అసిస్టెంటు దగ్గరకెళ్లి, "సార్, దుమ్ము గురించి ఏదో నోరు జారాను, ఎమ్మార్వోగారికి మీరే కాస్త చెప్పాలి" అన్నాను. ఆయన కాగితం చూశారు, నన్ను చూశారు, కళ్లజోడు తీసి పక్కన పెట్టి మరీ నవ్వారు.

"ఏమ్మా, ఫైలుని భరించమని కాదు. ఫైలుతో కలిపి పెట్టమని."

పెట్టమని! ఆయన ఆలోచించి అన్న మాట కాదు. నోటికి వచ్చింది, అనేశారు. దానిలో ఎంత ఉందో నాకు అర్థం కావడానికి ఇంకో ముప్పై అయిదేళ్లకు పైనే పట్టింది.

ఆఫీసు మొహం చూడనివాళ్ల కోసం కాస్త చెబుతాను. ఊళ్లో ఎవరో అర్జీ ఇస్తారు. ఇన్‌వర్డ్‌లో దానికి నంబరు పడుతుంది. ఆ సీటు చూసే గుమాస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టర్లో ఎక్కించుకుంటాడు. పాత కాగితాలు వెతికి, కరెంట్ ఫైల్లో వరసగా పేర్చి, ట్యాగు ముడేసి, చూడాల్సిన పేజీలకు ఫ్లాగులు గుచ్చి, నోట్ ఫైల్లో సంగతంతా రాసి, కింద పొట్టి సంతకం పెట్టి పై అధికారి బల్ల మీద పెడతాడు. ఈ బండెడు చాకిరీకి ఉన్న ఒకే ఒక్క పేరు పుటప్. మా ప్రాంతాల్లో ఈ పద్ధతికి మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ఐసీఎస్ దొర టాటెన్‌హామ్ పేరుంది. మాట కూడా ఆ దొరల కాలందే. కానీ దొరలు వెళ్లిపోయాక దాన్ని తెలుగు వ్యాకరణం దత్తత తీసుకుంది. పుటప్ చేశారా? పుటప్ అయిందా? ఇంకా పుటప్ కాలేదండి. సారుకి చెప్పి కాస్త పుటప్ చేయించండి. పుటప్ చేయకుండా తొక్కిపెట్టారు. ఇందులో ఇంగ్లిషు ఎక్కడుంది? చేయు, అవు, చేయించు అంటూ తిరగలి తిప్పినట్టు తిప్పేశాం. అక్షరమ్ముక్క రాని రైతు కూడా గడప దగ్గర నిలబడి, "మా ఫైలు పుటప్పయ్యిందా అమ్మా, ఆయ్" అని అడుగుతాడు. ఆ మనిషికి ఈ ఫ్రేజల్ వెర్బు ఏ గైడూ చెప్పలేదు. అవసరం చెప్పింది.

పైగా ఇక్కడ 'అప్' ఉత్తినే అలంకారానికి లేదు. ఫైలు నిజంగానే పైకెళుతుంది. గుమాస్తా నుంచి సూపరింటెండెంటుకి, అక్కణ్నుంచి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుకి, ఆపైన జాయింట్ కలెక్టరుకి, కలెక్టరుకి. ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. ఒక్కోసారి 'స్పీక్' అని రాసి కిందికి తోసేస్తారు. అప్పుడు చేతులు కట్టుకుని వెళ్లి మాట్లాడి, మళ్లీ పుటప్ చేయాలి. కాగితాల మీదికి తెలుగు వచ్చాక ఇదే మాట 'తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది' అని మారింది. నాలుగు మాటల బరువు మోసినా ఎవరు సమర్పించారో చెప్పని వాక్యం అది. దానికంటే పుటప్పే నయం, చేసినవాడు తప్పించుకోలేడు.

బయటి ప్రపంచంలో 'పుట్ అప్'కి ఇంకా చాలా కొలువులున్నాయి. గోడ కట్టినా, డేరా వేసినా, పోస్టరు అతికించినా, క్లాసులో చెయ్యెత్తినా, కొట్టువాడు ధర పెంచినా పుట్ అప్పే. ఇవి చప్పున తెలిసిపోతాయి, అన్నిటిలోనూ ఏదో ఒకటి పైకి లేస్తోంది. ఎన్నికల్లో అభ్యర్థిని నిలబెట్టడం, ఇల్లు అమ్మకానికి పెట్టడం, వ్యాపారానికి డబ్బు పెట్టడం కూడా పుట్ అప్. ఈ మూడూ కాస్త నెమ్మదిగా చదవండి. నిలబెట్టు, అమ్మకానికి పెట్టు, పెట్టుబడి పెట్టు. ఇంగ్లిషు వాడికి 'పుట్' వచ్చిన చోటల్లా మనకు 'పెట్టు' వచ్చి కూర్చుంది. ఒకరిని ఎగదోసి పని చేయించడం, లోపల్లోపల కూడబలుక్కుని పైకి నాటకమాడడం కూడా ఈ మాట పిల్లలే. రెండోదాన్ని 'పుట్-అప్ జాబ్' అంటారు. ఆఫీసుల్లో పుటప్ చేసిన ఫైళ్లలో పుట్-అప్ జాబులు ఎన్నో నేను చెప్పను, పెన్షను వస్తోంది.

ఒక్కచోట మాత్రం ఇంగ్లిషు వాడూ మనమూ ఎదురెదురు దారులు పట్టాం. ఊరు కాని ఊరెళ్లి హోటల్లో ఉంటే అతను 'పుట్ అప్' అంటాడు, పైకి. మనం "ఎక్కడ దిగారు?" అంటాం, కిందికి. బండి దిగడం మన కళ్లకు కట్టింది, గది ఎక్కడం అతని కళ్లకు కట్టింది కాబోలు.

ఇక ఆవకాయ సంగతి. రిటైరైన మరుసటేడు, 2022లో, పెన్సిల్వేనియాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. పక్కింట్లో ఎనభై దాటిన ఒకావిడ ఒంటరిగా ఉండేది. ఆగస్టులో ఒకరోజు కంచె అవతల నుంచి పిలిచి, ఏదో చూపిస్తానని వాళ్లింటి నేలమాళిగలోకి తీసుకెళ్లింది. గోడ పొడుగునా కొయ్య అరలు, అరల నిండా గాజు సీసాలు. పసుప్పచ్చగా పీచ్ పళ్ల ముక్కలు, ఎర్రగా టమాటాలు, సన్నగా కోసిన చిక్కుళ్లు. చెయ్యి తిప్పి చూపిస్తూ ఆవిడ అన్నది నా చెవికి స్పష్టంగా వినబడింది. ఈ వారంలో ఇరవై ఆరు సీసాలు 'పుట్ అప్' చేశానంది.

నేను మెట్ల మీదే నిలబడిపోయాను. ఆవిడ ఫైళ్ల గురించి మాట్లాడటం లేదు కదా!

మర్నాడు ఎలా చేస్తుందో దగ్గరుండి చూశాను. పీచ్ పళ్లను మరిగే నీళ్లలో అరనిమిషం ముంచి, చన్నీళ్లలో వేస్తే తోలు దానంతటదే జారిపోతుంది. రెండు చెక్కలు చేసి, టెంక తీసి, సీసాలో బోర్లా పేర్చి, చక్కెర పాకం పోసి, అంచు తడిగుడ్డతో తుడిచి, మూతపెట్టి పెద్ద డేగిసాలో ఉడికిస్తుంది. తీసి తువ్వాలు మీద వరసగా పెట్టాక మేమిద్దరం కుర్చీలేసుకుని కూర్చున్నాం. కాసేపటికి ఒక సీసా మూత 'టక్' మంది. తర్వాత ఇంకోటి. చల్లారేకొద్దీ మూత లోపలికి లాక్కుని చేసే చప్పుడు అది. టక్ మన్నది అరలోకెక్కుతుంది, అననిది ఆ వారంలోనే తినేయాలి. ఆ సీసాలను అక్కడ మేసన్ జార్ అంటారు. 1858లో మేసన్ అనే ఆయన వాటి మరమూతకు పేటెంటు తీసుకున్నాడు. ఆవిడ సీసాలు కొన్ని వాళ్ల అత్తగారి నాటివట.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు కత్తిపీట మీద టెంకతో సహా కొట్టించి, జీడి తీసి, ముక్క ముక్కా పొడిగుడ్డతో తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు కలిపి, నూనెలో ముంచి జాడీకెత్తి, వాసెన కట్టి, మూడో రోజున తిరగగలిపేది. తడి తగిలితే ఊరుకునేది కాదు. ఈ అమెరికా ఆవిడా అంతే, సీసా అంచున చుక్క పాకం ఉంటే ఊరుకోదు. నాకొచ్చిన ఇంగ్లిషులో, మేమూ ఏటా వేసవిలో మామిడికాయలు 'పుట్ అప్' చేస్తామని చెప్పాను. ఆవిడ ఏమాత్రం తడుముకోలేదు. ఎన్ని సీసాలవుతాయని అడిగింది. మా మేడ మీది కుర్రాడికి అర మార్కు పోగొట్టిన వాక్యం, అక్కడ ఒక ముసలమ్మకు నోరూరించింది.

సాయంత్రం అమ్మాయితో, "ఆవిడ పీచ్ పళ్లు పెట్టానంటోందే!" అన్నాను. "ఇక్కడ పల్లెల్లో పాతకాలం వాళ్లు అలాగే అంటారమ్మా" అంది, లాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే. మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు తెరిపించి చూశాను. ఉంది. తర్వాత వాడుకోవడానికి చెడిపోకుండా నిలవ చేయడం అని, నిక్షేపంలాంటి అర్థం.

అక్కణ్నుంచి నాకిది పిచ్చిలా పట్టుకుంది. ఇంటికొచ్చాక నిఘంటువులు తిరగేశాను. పాతకాలపు ఇంగ్లిషులో 'పుట్ అప్' అంటే ఒక వస్తువును దాని చోట దాచిపెట్టడం అనే అర్థం గట్టిగా ఉండేదట. కత్తిని ఒరలో పెట్టడం కూడా పుట్ అప్పే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, యోహాను సువార్తలో, కత్తి దూసిన పేతురును యేసు వారించే చోట వాడిన క్రియ ఇదే. జేబులో వేసుకోవడమూ పుట్ అప్పే. అక్కణ్నుంచి, ఎవరైనా అవమానిస్తే బదులు చెప్పకుండా ఆ అవమానాన్ని జేబులో వేసుకున్నట్టు ఊరుకోవడం కూడా పుట్ అప్ అయింది. దానికి 'విత్' తర్వాత వచ్చి చేరింది. గైడులో నేను బట్టీ పట్టిన 'సహించు' ఈ దారినే వచ్చింది.

కత్తి ఒరలోకి, అవమానం జేబులోకి, పీచ్ పండు సీసాలోకి. దాచిపెట్టడం ఒక్కటే, దాచే చోటు మారుతోంది.

ఇప్పుడు మన వైపు చూడండి. కత్తి ఒరలో పెట్టు. ఆవకాయ పెట్టు. మరి సహించడానికి? పెళ్లివారింట్లో, వియ్యపురాలు చేతులు పట్టుకుని ఏమంటుంది? "ఏవన్నా లోటుపాట్లుంటే కడుపులో పెట్టుకోండి వదినగారూ." ఇంగ్లిషు వాడు జేబులో పెట్టుకున్నదాన్ని మనం కడుపులో పెట్టుకున్నాం. అంతే తేడా! ఏ ఇద్దరు పండితులూ కూర్చుని మాట్లాడుకోలేదు. అక్కడా ఇక్కడా మనుషులు వంటిళ్లలో, పెళ్లిళ్లలో, తగవుల్లో బతికిన బతుకు ఒకే క్రియను ఒకే పనులకు వాడించింది. మా సీనియర్ అసిస్టెంటుగారు 1986లో నవ్వుతూ "కలిపి పెట్టమని" అన్నప్పుడు తాళం చెవి నా చేతిలోనే పెట్టారు. నేనే చూసుకోలేదు.

కడుపులో పెట్టుకోవడం అన్నాను కాబట్టి నా తప్పొకటి చెప్పాలి. తొంభైల్లో నేను ఒక మండలంలో పట్టాదారు పాస్‌పుస్తకాల సీటు చూసేదాన్ని. ఒక పెద్దాయన అర్జీ పెట్టుకున్నాడు. తండ్రి పోయాడు, ఎకరన్నర తన పేరుకి మారాలి. ఒక లింకు దస్తావేజు లేదు. అది తెమ్మని ఒక్క మెమో రాసి ఇస్తే పోయేది. రాయలేదు. ఈ వారం జమాబందీ అని, పైవారం ఎన్నికల పని అని, ఆ కట్టను బల్ల సొరుగులోనే ఉంచాను. ఆయన ప్రతి సోమవారం వచ్చేవాడు. పది గంటల బస్సు దిగి, కండువాతో మొహం తుడుచుకుని, గడప అవతలే నిలబడి, "పుటప్పయ్యిందా తల్లీ" అనేవాడు. "వచ్చే వారం చూద్దాం తాతగారూ" అనేదాన్ని. నాలుగు నెలలు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఒకరోజు అటెండరు నా దగ్గరికొచ్చి, ఆ తాతగారు బస్సుకి డబ్బుల్లేక ఏడు కిలోమీటర్లు నడిచొచ్చాడని చెప్పాడు. ఆ మధ్యాహ్నమే ఫైలు పెట్టాను. పదిహేను నిమిషాల పని.

నేను పుటప్ చేయని నాలుగు నెలలూ ఆయన పుట్ అప్ విత్ చేశాడు. ఒక చిన్న 'విత్' ఉన్నవాడు గడప బయట, లేనివాళ్లం కుర్చీలో. గైడు పట్టికలో ఈ రెండింటికీ మధ్య ఒక గళ్ల గీత ఉంటుందంతే. ఆ గీతలో నాలుగు నెలల సోమవారాలు పట్టవు.

ఇప్పుడు ఆ పట్టిక దగ్గరికి వద్దాం. మేడ మీది కుర్రాడి గైడు నేను చూశాను. నలభై ఏళ్ల కింద నేను చదివినదానికీ దీనికీ అట్ట రంగు ఒక్కటే తేడా. ఎడమ వైపు ఫ్రేజల్ వెర్బు, కుడి వైపు అర్థం. పుట్ అప్ విత్ అంటే టాలరేట్. పుట్ ఆఫ్ అంటే పోస్ట్‌పోన్. పుట్ అవుట్ అంటే ఎక్స్‌టింగ్విష్. ఇంగ్లిషు పిల్లలు బడికి పోకముందే నేర్చే చిన్న మాటలకు, వాళ్లే పెద్దయ్యాక నేర్చే లాటిను మాటలు అర్థాలట! మన పిల్లాడు తెలియనిదాన్ని ఇంకా తెలియనిదానితో కలిపి ముడేసుకుంటాడు. పరీక్షలో ముడి విప్పి మార్కు తెచ్చుకుంటాడు. ఉద్యోగంలో చేరిన మూడో రోజున నాలాగా చెమటలు పట్టించుకుంటాడు.

ఇవి పరాయివాళ్లకు కష్టమన్న సంగతి ఇంగ్లిషు వాళ్లకు మొదట్నుంచీ తెలుసు. 1755లో తన నిఘంటువుకు రాసిన ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్, క్రియకు చిన్న మాట తగిలించి అర్థం మార్చేసే ఈ అలవాటే విదేశీయులను అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుందని చెప్పుకున్నాడు. 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో వాడుకలోకొచ్చింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ ఆ పేరు సూచించాడని ఆయనే రాశాడు. 1930లో సి.కె. ఆగ్డెన్ అనే ఆయన ప్రపంచమంతటికీ సులువైన ఇంగ్లిషు తయారు చేస్తానని 850 మాటలు ఏరాడు. అందులో క్రియలు పద్దెనిమిదే. టాలరేట్ లాంటివన్నీ ఎగిరిపోయాయి, 'పుట్' ఉండిపోయింది. లెక్కకు మాటలు తగ్గాయి, నిజమే. కానీ ఆ ఒక్క 'పుట్' పక్కన అప్, ఆఫ్, అవుట్, విత్ పెట్టుకుంటూ పోతే పుట్టేవన్నీ నేర్వాల్సిందే కదా! కంచంలో కూరలు తగ్గించి గిన్నెలో దాచినట్టుంది. ఇంకో తమాషా ఏమంటే, వాక్యం చివర ప్రిపొజిషన్ ఉండకూడదని పట్టుబట్టే చాదస్తులను వెక్కిరిస్తూ చర్చిల్ పేరు మీద ఒక జోకు తిరుగుతుంటుంది. అందులో ముక్కలు చెక్కలై తలకిందులయ్యేది మన 'పుట్ అప్ విత్'. ఆయనే అన్నాడనడానికి గట్టి ఆధారం లేదుగానీ, ఈ మూడు మాటలను విడదీస్తే ఎంత వికారంగా ఉంటుందో ఆ జోకు చూపిస్తుంది.

వాళ్ల బాధ వాళ్లది. తెలుగు పిల్లాడు మాత్రం ఈ ఆటకు కొత్తవాడు కాదు. చెప్పాడు, చెప్పేశాడు, చెప్పుకున్నాడు, చెప్పిపెట్టాడు, చెప్పిపోయాడు. ఈ అయిదింటికీ తేడా ఏమిటో మూడేళ్ల పిల్లకు తెలుసు, ఏ వ్యాకరణం చదవకుండా. "కాస్త చేసిపెట్టు" అంటే నీకోసం కాదు నాకోసం అని తెలుసు. "వాడితో పెట్టుకోకు" అంటే తంటా అని తెలుసు. "చెప్పా పెట్టకుండా వెళ్లిపోయాడు" అంటాం కదా, ఆ రెండో మాటలో ఏం పెట్టలేదని ఎవరైనా అడిగారా? ఇంగ్లిషు వాడు వెనక చిన్న మాట తగిలిస్తాడు, మనం వెనక ఇంకో క్రియ తగిలిస్తాం. ఈ కిటుకు ఇంట్లో ఉండగా, పిల్లాడి చేతికి పట్టిక ఇచ్చి బయటికి పంపుతున్నాం.

అన్నిచోట్లా 'పెట్టు' కుదరదు. ముద్దు పెట్టడం పుట్ కాదు, పేరు పెట్టడం పుట్ కాదు. హోటల్లో దిగడం చూశాం కదా. ఆ తేడాలు చెప్పడానికే మాస్టారు ఉన్నది. కానీ ఆ పని చేయాలంటే ఇంగ్లిషు క్లాసులో తెలుగు మాట పైకి పలకాలి. ఇవాళ చాలా బళ్లలో అది నేరం. తెలుగు వినబడితే ఇంగ్లిషు రాదన్న భయం. బల్ల మీద డస్టరు పెట్టమని, సీసాలో పచ్చడి పెట్టమని, మనసులో కోపం పెట్టుకోవద్దని ఒకదాని తర్వాత ఒకటి చెప్పి, అప్పుడు పుట్, పుట్ అప్, పుట్ అప్ విత్ రాయిస్తే ఆ పిల్లాడు జన్మలో మరిచిపోడు. పది నిమిషాల పాఠం. నేను మెట్ల మీద కూర్చుని చెప్పాను, నాకే అంత సమయం పట్టింది.

సారును తప్పుపట్టలేను. ఆయన దగ్గరున్న పుస్తకాల్లో పచ్చడికి 'మేడ్' అనే ఉంటుంది, మన పరీక్షలు చూసే ఇంగ్లిషులో అది సరైన మాటే. పరీక్షలో 'మేడ్' అని రాయడమే క్షేమమని నేనూ కుర్రాడికి చెప్పాను. నా పేచీ ఆ ఎర్ర గీతతో. వాడు గైడులోది దించలేదు. ఇంట్లో విన్న తెలుగు మాటను పట్టుకుని, దాని వెనక ఊహతో ఒక ఇంగ్లిషు మాట కట్టాడు. అదేమో సముద్రానికి అవతల ఒక పాత వంటింట్లో అచ్చంగా దొరికింది. గుడ్డి దెబ్బ అంటారా, అనండి. కానీ అలా ఊహించగలిగిన పిల్లాణ్ని కొట్టేస్తే, వచ్చే పరీక్షలో వాడు ఊహించడం మానేస్తాడు.

ఆఫీసుల్లో ఇప్పుడు ఈ-ఆఫీస్ వచ్చింది. ట్యాగులు లేవు, గోనెసంచులు లేవు, తుమ్ములు లేవు. నోటు తెర మీద ఆకుపచ్చ కాగితంలా కనిపిస్తుంది. వచ్చిన తపాలును ఫైల్లో చేర్చడానికి అక్కడ ఒక మీట ఉంటుంది, దాని పేరులో కూడా 'పుట్' ఉంది. మొన్న మా పాత ఆఫీసుకి పెన్షను పని మీద వెళితే, కంప్యూటరు ముందున్న కొత్తమ్మాయి నాతో, "మీది నిన్ననే పుటప్ చేశాను మేడమ్" అంది. మౌసుతో ఒక్క నొక్కు నొక్కడాన్ని ఇప్పటికీ పుటప్ అంటున్నారు. కుర్చీ చివర కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఎప్పటికవుతుందమ్మా" అని అడిగాను. "వచ్చే వారం చూద్దాం" అంది. ఏమీ అనలేదు. కడుపులో పెట్టుకున్నాను.

కుర్రాడి విషయానికొస్తే, మెరియమ్-వెబ్‌స్టర్‌లో ఆ పేజీ వాడి చేతే ప్రింటు తీయించాను. అర్థం దగ్గర పచ్చ కాగితంతో ఒక ఫ్లాగు గుచ్చాను. టెస్టు కాగితం కింద, నిఘంటువు పేజీ పైన పెట్టి, మూలకు ట్యాగు కట్టాను. పాత అలవాటు కొద్దీ నాలుగు వాక్యాల నోటు కూడా నేనే రాసి, కింద పొట్టి సంతకం చేశాను. నిన్న పొద్దున్న పట్టుకెళ్లి సారు బల్ల మీద పెట్టాడట. ఇంకా ఆర్డర్సు రాలేదు.